ఆటలో అరటిపండుగా మళ్ళీ మొదలుపెట్టండి

తాడేపల్లిగూడెం దగ్గర ఒక రైస్ మిల్లులో 22 ఏళ్ళుగా లెక్కలు రాస్తున్నాను. నాకిప్పుడు 48 ఏళ్ళు. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) ధాన్యం వచ్చే రోజుల్లో మాకు పగలూ రాత్రీ తెలియదు. కాటా చీటీలు, తేమ శాతాలు, గోనెసంచుల లెక్క, రైతుల ఫోన్లు. ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది. అన్నం తిని మంచం మీద వాలి ఫోన్‌లో రీల్స్ చూసేదాన్ని. పావుగంట అనుకున్నది గంటన్నర అయ్యేది. ఫోన్ పక్కన పెట్టేసరికి కళ్ళు మండేవి, మనసు మాత్రం ఇంకా మిల్లులోనే తిరుగుతూ ఉండేది.

మూడేళ్ళ కిందట మే నెలలో ఒక రాత్రి గాలివానకి కరెంటు పోయింది. ఫోన్‌లో చార్జింగ్ 4 శాతం. మా అత్తయ్యగారు చీకట్లోంచి, "అమ్మాయ్, అటక మీద వామనగుంటల పీట ఉండాలి, దింపు" అన్నారు. అప్పటికి ఆవిడకి 76.

పీట దొరికింది. టేకు చెక్క, మధ్యలో మడత బందులు, ఒక మూల చెద కొట్టేసింది. దాంతోపాటు గుడ్డసంచిలో ఉన్న పిక్కలన్నీ పుచ్చిపోయాయి. ఏప్రిల్‌లో చింతపండు కొట్టినప్పుడు తీసిన పిక్కలు వంటింట్లో ఉంటే అవి తెచ్చాను. గుంటకి ఐదు చొప్పున 14 గుంటలకి 70 పిక్కలు. ఒక గుంటలోవి తీసి తర్వాతి గుంటల్లో ఒక్కొక్కటే వేసుకుంటూ వెళ్ళాలి. చేతిలోవి అయిపోతే ఆ పక్క గుంటలోవి తీసి మళ్ళీ పంచాలి. పక్క గుంట ఖాళీగా ఉంటే దాన్ని వేలితో తుడిచి, దాని తర్వాతి గుంటలో ఉన్నవన్నీ మనం తీసుకోవాలి. మా ఇంటి పద్ధతి అది. కొవ్వొత్తి వెలుగులో అత్తయ్యగారి వేళ్ళు గుంటల మీద టకటకా నడిచాయి. ఏ గుంటలోంచి తీస్తే ఎక్కడ ఆగుతుందో ఆవిడకి చూపుతోనే తెలిసిపోయేది. మూడాటలు వరసగా ఓడిపోయాను. నాలుగో ఆటకి ఆవిడ తన వైపున్న రెండు గుంటల పిక్కలు నా వైపు పోసి, "కొత్తదానివి కదా, నువ్వు ఆటలో అరటిపండువిలే" అన్నారు.

పదకొండింటికి కరెంటు వచ్చింది. ఫ్యాన్ తిరిగింది, టీవీ దగ్గర ఎర్రలైటు వెలిగింది. ఇద్దరం లేవలేదు. ఆ ఆట అయ్యాకే లేచాం. ఆ రాత్రి పడుకోగానే నిద్ర పట్టింది.

అప్పటినుంచి పెద్దవాళ్ళ ఆటల గురించి దొరికినంతా చదివాను, మా ఇంట్లో, మిల్లులో, కాలనీలో చేసి చూశాను. పెళ్ళి, ఉద్యోగం, పిల్లలు అంటూ ఆట వదిలేసి, మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో తెలియని వాళ్ళకోసం ఇది రాస్తున్నాను. నేను చెప్పేది ఒక్కటే: గెలుపోటములు లెక్కలోకి రాని చోటు ఒకటి ముందు సంపాదించుకోండి, మిగతావి వాటంతటవే వస్తాయి.

ముందు ఏది ఆటో తేల్చుకోండి

మన భాషలో ఆట అన్న మాట చాలా దూరం వెళ్తుంది. కోలాటం ఆడతాం, బతుకమ్మ ఆడతాం, సినిమా మొదటి ఆటకి వెళ్తాం. బడికి సెలవిస్తే ఆటవిడుపు అనేవాళ్ళు. కాబట్టి ఆట అనగానే బ్యాటూ బంతీ మాత్రమే అనుకోనక్కర్లేదు. యోహాన్ హూయిజింగా అనే డచ్ చరిత్రకారుడు 1938లోనే ఆట గురించి పెద్ద పుస్తకం రాశాడు. ఆట అంటే ఎవరూ బలవంతం చేయకుండా మనంతట మనం దిగేది, దానికంటూ వేరే చోటూ వేళా ఉంటాయి, దానివల్ల చేతికి వచ్చే లాభం ఏమీ ఉండదు అంటాడాయన. పీటర్ గ్రే అనే అమెరికన్ సైకాలజిస్టు దీనికి ఒక ముఖ్యమైన మాట కలిపాడు: ఎప్పుడైనా మానేసి వెళ్ళిపోగలిగితేనే అది ఆట.

నేను మూడు ప్రశ్నలతో చూసుకుంటాను. మధ్యలో లేచి వెళ్ళిపోతే ఎవరైనా నొచ్చుకుంటారేమోగానీ, నాకేమైనా నష్టం ఉందా? దీనివల్ల పేరూ డబ్బూ ఆరోగ్యం ఏమీ రావని తేలినా చేస్తానా? అయ్యాక ఒళ్ళు తేలికగా ఉందా? ఈ మూడిటికీ నిలబడినవి నా జీవితంలో ఎంత తక్కువున్నాయో మొదటిసారి చూసుకున్నప్పుడు నాకు చాలా బాధ వేసింది. షుగర్ కోసం, స్టెప్పులు లెక్కపెట్టుకుంటూ చేసే నడక మంచిదే, కానీ అది మందు కిందికి వస్తుంది. రీల్స్‌లో ఆడేవాళ్ళు వేరే ఉన్నారు, మనం చూసేవాళ్ళం. చేతికీ బుర్రకీ పని లేదు, అందుకే అంత చూసినా అలసట పోదు.

డబ్బు విషయం కాస్త గట్టిగా చెప్పాలి. 1971లో ఎడ్వర్డ్ డెసి అనే సైకాలజిస్టు కాలేజీ పిల్లలకి చెక్కముక్కలు పేర్చే సోమా పజిల్ ఇచ్చాడు. రెండో విడతలో సగంమందికి, పేర్చిన ఒక్కో బొమ్మకి ఒక డాలర్ చొప్పున ఇచ్చాడు, మిగతావాళ్ళకి ఏమీ ఇవ్వలేదు. మూడో విడతలో డబ్బు ఆపేశాడు. మధ్యలో 8 నిమిషాలు ఏదో పనున్నట్టు గదిలోంచి బయటికి వెళ్ళి, ఎవరు ఏం చేస్తున్నారో గమనించాడు. డబ్బు రుచి చూసినవాళ్ళు పజిల్ జోలికి వెళ్ళడం తగ్గిపోయింది. డబ్బు ఇవ్వనివాళ్ళు మాత్రం ఊరికే ఆడుకుంటూనే ఉన్నారు. అంతకుముందు సరదాగా చేసిందే కూలి వచ్చేసరికి ఒక పనిగా మారిపోయింది.

పందెం సంగతి ఇంకా దారుణం. మా బంధువుల అబ్బాయి ఒకడు ఆన్‌లైన్ రమ్మీలో పోగొట్టుకున్న డబ్బు తీర్చడానికి వాళ్ళ నాన్న అరెకరం అమ్ముకున్నారు. వాడు దాన్ని చివరిదాకా "గేమ్" అనే అన్నాడు. లేచి వెళ్ళిపోలేనిది గేమ్ ఎలా అవుతుంది? తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో వీటిని నిషేధిస్తూ చట్టం మార్చాయి. 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించే చట్టం తెచ్చింది. ఇంట్లో పేక ఆడుకోండి, పిక్కలు పెట్టుకుని ఆడండి. రూపాయి కూడా మధ్యలోకి రానివ్వకండి.

మీ చిన్ననాటి ఆటల చిట్టా రాయండి

ఒక పాత నోటుబుక్కు తీసుకుని, మీకు 8 నుంచి 12 ఏళ్ళ వయసులో ఏమేం ఆడారో రాయండి. పేర్లు రాసి ఆపేయకండి. ఎక్కడ ఆడారు, ఎవరితో, ఏ ఘడియ మీకు బాగా నచ్చేది, అవి కూడా రాయాలి. స్టూవర్ట్ బ్రౌన్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు తన దగ్గరికి వచ్చినవాళ్ళ ఆటల చరిత్ర ఇలాగే వివరంగా అడిగి రాసుకునేవాడు. 1966లో టెక్సాస్ యూనివర్సిటీ టవర్ మీంచి కాల్పులు జరిపిన యువకుడి గతాన్ని పరిశీలించిన బృందంలో ఆయన ఉన్నాడు. ఆ కుర్రాడి బాల్యంలో తండ్రి అదుపు తప్ప ఆట అన్నది దాదాపు లేదని గమనించాక, ఆయన జీవితమంతా ఈ విషయం మీదే పనిచేశాడు.

నా చిట్టాలో ఒప్పులకుప్ప, అచ్చనగాయలు, గుజ్జనగూళ్ళు, తొక్కుడుబిళ్ళ ఉన్నాయి. అచ్చనగాయల గురించి రాస్తుంటే వేళ్ళకి గుర్తొచ్చింది. మా అమ్మమ్మగారి ఇంటి అరుగు నాపరాయి, మధ్యాహ్నం కూడా చల్లగా ఉండేది. ఐదు గులకరాళ్ళు, అన్నీ నున్నటివి, ఒకదానికి తెల్లని గీత. ఆ గీతరాయిని పైకి ఎగరేసి, అది దిగేలోపు కింద ఉన్నవి అరచేత్తో ఊడ్చి, మళ్ళీ దాన్ని పట్టుకోవాలి. నాకు గెలవడం గుర్తులేదు. రాయి పైన ఉన్న ఆ రెప్పపాటు గుర్తుంది.

చిట్టా రాశాక వాటిలో మిమ్మల్ని లాగినదేమిటో చూడండి. దీనికి రోజే కైవా అనే ఫ్రెంచి రచయిత 1958లో చేసిన విభజన నాకు బాగా పనికొచ్చింది. ఆటల్లో నాలుగు రకాల సరదాలున్నాయంటాడు: పోటీ, అదృష్టం, వేషం, ఒళ్ళు తిరిగే మైకం. మన ఆటలు పెట్టి చూస్తే ఎంత చక్కగా సరిపోతాయో! చెడుగుడు పోటీ. వైకుంఠపాళి పూర్తిగా అదృష్టం, నిచ్చెన ఎక్కినా పాము మింగినా మన చేతిలో లేదు. ఉత్తుత్తి వంట చేసే గుజ్జనగూళ్ళు, బొమ్మల పెళ్ళి వేషం. ఒప్పులకుప్ప మైకం, చేతులు పట్టుకుని గిర్రున తిరిగి, వదిలేశాక ఆకాశం ఊగుతుంటే నేలమీద పడిపోవడమే అందులో ఉన్నది. అష్టాచెమ్మాలో గవ్వలు పడటం అదృష్టం, కాయ ఎటు నడపాలో తెలివి, రెండూ కలిసి ఉంటాయి.

మావారి చేత కూడా రాయించాను. ఆయన చిట్టా అంతా గోళీలు, కర్రా బిళ్ళ, మామిడికాయల్ని రాయితో కొట్టడం. అన్నిటిలోనూ ఉన్నది గురి. మా అబ్బాయి ఆయనకి చదరంగం కొనిచ్చి, నాన్నకి దానిమీద ఇష్టం లేదని నొచ్చుకున్నాడు. క్యారమ్స్ బోర్డు తెచ్చాం. స్ట్రైకర్ వేలి కింద పెట్టుకుని ఒక కన్ను మూసి చూస్తుంటే ఆయన మొహంలో పదేళ్ళ కుర్రాడు కనబడ్డాడు. మా మిల్లులో కాటా దగ్గర పనిచేసే ఒకాయనకి చిన్నప్పుడు పగటివేషాలవాళ్ళ వెంట తిరగడం ఇష్టమట. ఇప్పుడు ఊళ్ళో పౌరాణిక నాటకంలో చిన్న వేషం కడుతున్నాడు. చిన్నప్పటి ఆటే మళ్ళీ ఆడాలని లేదు. దాని వేరు ఎక్కడుందో తెలిస్తే ఈ వయసుకి తగిన ఆట దొరుకుతుంది.

అరటిపండుగా చేరడం ఎలా

పెద్దవాళ్ళు ఆటకి రాకపోవడానికి టైం లేకపోవడం ఒక్కటే కారణం అని నేను నమ్మను. రానిది నలుగురిలో చేయాలంటే భయం. ఆఫీసులో, ఇంట్లో రోజంతా మనకి ఎవరో ఒకరు మార్కులు వేస్తూనే ఉంటారు, ఇక్కడ కూడా మార్కులేనా అన్న బెరుకు. పిల్లలు ఈ చిక్కు ఎప్పుడో విప్పేశారు. అక్క వెనకాల నాలుగేళ్ళ తమ్ముడు ఏడుస్తూ వస్తే, "సరే, వీడు ఆటలో అరటిపండు" అని చేర్చుకుంటారు. వాడు పరిగెడతాడు, దాక్కుంటాడు, కేకలు పెడతాడు. దొరికిపోయినా ఔట్ కాదు, వాణ్ణి దొంగ పెట్టరు. అలా ఆడుతూ ఆడుతూనే ఆట నేర్చుకుంటాడు. పెద్దయ్యాక ఈ మాటని చేతకానివాణ్ణి ఎగతాళి చేయడానికి వాడుతున్నాం. నాకైతే ఇంత దయగల నియమం ఇంకో ఆటలో కనబడలేదు.

రెండేళ్ళ కిందట మా కాలనీ ఖాళీస్థలంలో నలుగురు ఆడవాళ్ళు పొద్దున్నే షటిల్ ఆడటం మొదలుపెట్టారు. వారం రోజులు గేటు దగ్గర నిలబడి చూశాను. ఎనిమిదోరోజు వెళ్ళి అడిగాను: "నాకు అసలు రాదండి. కొన్నాళ్ళు నన్ను ఆటలో అరటిపండుగా పెట్టుకోండి. నావైపు పాయింట్లు లెక్కపెట్టకండి." వాళ్ళు నవ్వి, "రండి వదినా" అన్నారు. మీరూ ఇవే మాటలు వాడండి. తెలుగు తెలిసిన ఎవరికైనా ఆ మాట వినగానే అర్థమవుతుంది, ఇక ఎవరూ మిమ్మల్ని వేగంగా కొట్టి పరీక్షించరు.

మొదటి మూడు రోజులు కాక్ నా బ్యాట్‌కి తగల్లేదు. నాలుగోరోజు తగిలింది, కానీ ఫ్రేముకి తగిలి పక్కకి పోయింది. ఆ వారం చివర ఒకటి సరిగ్గా జాలీ మధ్యలో పడింది. చప్పుడే వేరు, టప్‌మని చిన్నగా, శుభ్రంగా. చేతికి బరువే తెలియలేదు. కాక్ నెట్ మీదుగా వెళ్ళి అవతల గడ్డిలో వాలేదాకా చూస్తూ నిలబడిపోయాను. ఆ క్షణంలో మిల్లు లేదు, తేమ శాతం లేదు.

అలా మైమరిచిపోయే స్థితి మీదే మిహాయ్ చిక్సెంట్‌మిహాయ్ అనే సైకాలజిస్టు పనిచేశాడు. కొండలెక్కేవాళ్ళనీ చదరంగం ఆడేవాళ్ళనీ డాన్సర్లనీ అడిగి, 1975లో ఒక విషయం చెప్పాడు: పని మన చేతనైనదానికంటే మరీ తేలికైతే విసుగొస్తుంది, మరీ కష్టమైతే టెన్షన్ పుడుతుంది. రెండూ సమంగా తూగిన చోటే మనిషి అందులో మునిగిపోతాడు. కొత్తగా చేరినవాళ్ళకి ఆ తూకం కుదరాలంటే అరటిపండు నియమమే దారి.

ఇందులో ఆట బాగా వచ్చినవాళ్ళ బాధ్యత కూడా ఉంది. యాక్ పాంక్‌సెప్ అనే శాస్త్రవేత్త ఎలుకల ఆటని ఏళ్ళ తరబడి చూశాడు. ఎలుకలకి చక్కిలిగింతలు పెడితే 50 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నగా కిచకిచమంటాయనీ, అది మన చెవికి అందదనీ కనిపెట్టింది ఆయన బృందమే. పెద్ద ఎలుక ఎప్పుడూ తానే గెలుస్తూ పోతే చిన్న ఎలుక దాన్ని ఆటకి పిలవడం మానేస్తుందని కూడా ఆయన రాశాడు. అంటే ఆట సాగాలంటే పెద్దది కాస్త తగ్గాలి. మా అత్తయ్యగారు రెండు గుంటల పిక్కలు నాకు పోసినప్పుడు చేసింది అదే. మీకు బాగా వచ్చిన ఆటైతే ఎడమచేత్తో ఆడండి, ముందే పది పాయింట్లు ఇవ్వండి. ఓడిపోతున్నట్టు నటించకండి, అవతలివాళ్ళకి తెలిసిపోతుంది, మనసు చివుక్కుమంటుంది. నియమమే మార్చి, నిజంగా ఆడండి.

నేను ఇరవై రోజులు అరటిపండుగా ఉన్నాను. ఎప్పుడు మానాలో మీకే తెలుస్తుంది. పాయింటు పోయినప్పుడు "అయ్యో" అనిపించడం మొదలైతే ఆరోజు చెప్పేయండి: "ఇవాళ్టినుంచి నావీ లెక్కపెట్టండి."

ఒళ్ళు కదిలే ఆటలైతే జాగ్రత్తలు పాటించండి. చెప్పులతో షటిల్ ఆడొద్దు. ముందు పది నిమిషాలు నడిచి, కీళ్ళు కదిలించాకే బ్యాట్ పట్టుకోండి. బీపీ, గుండె, మోకాళ్ళ సమస్య ఉంటే డాక్టర్‌ని అడిగి దిగండి. మాలో ఒకామె మొదటిరోజే ఎగిరి కొట్టబోయి మడమ బెణికి నెల్లాళ్ళు రాలేదు.

గీత గీయండి

తొక్కుడుబిళ్ళ ఆడాలంటే ముందు సుద్దముక్కతో గడులు గీయాలి. గీత లోపల ఒంటికాలు, గీత బయట మామూలు లోకం. పెద్దవాళ్ళ ఆటకి కూడా అలాంటి గీత కావాలి. మాకు మంగళవారం, శుక్రవారం రాత్రి 9:30 నుంచి 10 దాకా వామనగుంటలు. ఫోన్లు ఫ్రిజ్ మీద. ఆ అరగంటలో కరెంటు బిల్లు, అబ్బాయి ఫీజు, మిల్లు గొడవ ఏదీ ఎత్తకూడదు. ఎత్తినవాళ్ళు ఒక గుంట పిక్కలు వదులుకోవాలి. ఈ శిక్ష మా అమ్మాయి పెట్టింది, బాగా పనిచేస్తోంది.

వస్తువు కళ్ళెదురుగా ఉండాలి. పీట అటక మీద ఉన్న ముప్ఫై ఏళ్ళూ మా ఇంట్లో ఒక్కరూ ఆడలేదు. టీవీ కింద అరలోకి దించాక వచ్చినవాళ్ళల్లా పిక్కలు కెలుకుతున్నారు. క్యారమ్స్ బోర్డు గోడకి ఆనించి పెట్టండి, పౌడర్ డబ్బా పక్కనే ఉంచండి.

"ఈ వయసులో ఆటలేంటి", "పనేం లేదా" అనేవాళ్ళు ఉంటారు. ఆడవాళ్ళనైతే ఇంకా ఎక్కువ అంటారు. మా షటిల్ జట్టులో ఒకామె బ్యాట్‌ని కూరల సంచిలో దాచుకుని వచ్చేది. అది చూసి నాకు కడుపు తరుక్కుపోయింది. మన పెద్దవాళ్ళు ఆటకి వ్రతం అని పేరుపెట్టి క్యాలెండర్‌లో కూర్చోబెట్టారు. మావైపు అట్లతద్దికి తెల్లారుజామునే లేచి, అన్నం తిని, ఊళ్ళో ఆడపిల్లలూ పెళ్ళైనవాళ్ళూ కలిసి ఉయ్యాలలు ఊగుతారు. తెలంగాణలో బతుకమ్మ తొమ్మిదిరోజులు. కరీంనగర్‌లో ఉండే మా చెల్లెలు, అరవై ఏళ్ళ అత్తగారితో కలిసి చప్పట్లు కొడుతూ బతుకమ్మ చుట్టూ తిరుగుతుంది, ఆ రోజుల్లో పనేం లేదా అని ఎవరూ అడగరు. సంక్రాంతికి డాబా మీద గాలిపటం ఎగరేసే నాన్నని ఎవరైనా అడుగుతారా? ఏడాదికి పది రోజులు ఒప్పుకున్నదాన్ని వారానికి రెండు అరగంటలకి పెంచుకుంటున్నాం, అంతే. కూరల సంచిలో బ్యాట్ తెచ్చే ఆమె వాళ్ళాయనకి ఈ మాటే చెప్పింది. ఇప్పుడు బ్యాట్ భుజాన వేసుకుని వస్తోంది.

పనిలో దొరికే చిన్న ఆటలు

జర్మనీలో రెనె ప్రోయర్ అనే సైకాలజిస్టు, ఆయన బృందం 2020లో ఒక పరిశోధన ప్రచురించారు. 533 మంది పెద్దవాళ్ళని తీసుకుని, కొందరికి వారం రోజులపాటు రోజూ చేయడానికి చిన్న పనులిచ్చారు. ఆరోజు సరదాగా జరిగిన మూడు విషయాలు పడుకునేముందు రాయడం ఒకటి. మామూలుగా సరదా జోలికి వెళ్ళని చోట కావాలని కాస్త ఆటగా ఉండి చూడటం ఇంకొకటి. అలా చేసినవాళ్ళలో ఆడుకునే గుణం పెరిగింది, కొంతకాలం హుషారు కూడా పెరిగింది. అంటే పుట్టుకతో సరదా మనిషి కాకపోయినా సాధనతో వస్తుందన్నమాట. నాకు ధైర్యం ఇచ్చింది ఈ మాటే, ఎందుకంటే నన్ను చిన్నప్పటినుంచీ అందరూ "సీరియస్ పిల్ల" అనేవాళ్ళు.

నేను నోటుబుక్కులో రాసుకున్నవి కొన్ని చెప్తాను. మిల్లులో లారీ కాటా ఎక్కేముందు, టైర్లు చూసి బరువు ఎంతో చెప్పాలి. గుమస్తాగారూ నేనూ చెప్తాం, దగ్గరగా చెప్పినవాళ్ళు ఆ పూట రేడియోలో ఏ స్టేషన్ పెట్టాలో నిర్ణయిస్తారు. ఇంట్లో బీరకాయ తొక్క తెగకుండా ఎంత పొడుగు తీయగలమో మావారూ నేనూ చూసుకుంటాం. మా అమ్మాయితో ఫోన్‌లో ఐదు నిమిషాలు ప్రాస కలిసేలా మాట్లాడుకోవాలని నియమం. ఇవేవీ పనికి అడ్డం రావు. సీజన్‌లో నాకు ఊపిరి ఆడేది వీటివల్లే.

ఒక్క హెచ్చరిక. అవతలివాళ్ళు నవ్వకపోతే అది ఆట కాదు, ఏడిపించడం. కుక్కపిల్లల్ని చూడండి, ముందుకాళ్ళు వంచి, వెనకభాగం పైకెత్తి "ఆడదామా" అని అడిగాకే మీద పడతాయి. మనం కూడా అడగాలి.

పిల్లలతో ఆడేటప్పుడు ఇంకోటి. దయచేసి కోచింగ్ ఇవ్వకండి. "ఈ ఆటవల్ల లెక్కలు బాగా వస్తాయి" అన్న మాట వినగానే మా మేనల్లుడు పీట పక్కకి నెట్టేశాడు.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే

వాళ్ళ దగ్గర ఆట నేర్చుకోండి. యూట్యూబ్‌లో చూసి వాళ్ళకి నేర్పకండి. పులి-మేక, దాడి, పచ్చీసు, ఏదో ఒకటి తప్పకుండా వచ్చి ఉంటుంది. నియమాలు ఊరికొక రకంగా, ఇంటికొక రకంగా ఉంటాయి. మా అమ్మ వామనగుంటల్లో గుంటకి నాలుగు అంటుంది, అత్తయ్యగారు ఐదు అంటారు. వియ్యపురాళ్ళిద్దరూ ఒకసారి అరగంట వాదించుకున్నారు, ఆ వాదన ఆటకంటే బాగుంది. పియాజే అనే స్విస్ సైకాలజిస్టు పిల్లల గోళీలాట దగ్గర కూర్చుని, నియమాలు ఎక్కణ్ణుంచి వచ్చాయి, మార్చవచ్చా అని వాళ్ళని అడిగి, న్యాయం గురించి వాళ్ళ ఆలోచన ఎలా ఎదుగుతుందో 1932లో రాశాడు. నియమం కోసం వాదించుకోవడం కూడా ఆటలో భాగమే.

న్యూయార్క్‌లో 75 ఏళ్ళు దాటిన 469 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2003లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. చదవడం, బోర్డు మీద ఆడే ఆటలు, వాయిద్యం వాయించడం, డాన్స్ అలవాటున్నవాళ్ళలో మతిమరుపు జబ్బు తక్కువగా కనబడింది. ఆటవల్లే తగ్గిందని దీన్నిబట్టి చెప్పలేం. మెదడు చురుగ్గా ఉన్నవాళ్ళే ఎక్కువ ఆడి ఉండొచ్చు. అందుకని పెద్దవాళ్ళ ముందు ఆటని మందుబిళ్ళలా పెట్టకండి. మా అత్తయ్యగారు ఇప్పుడు మధ్యాహ్నం మాత్ర వేసుకున్నదీ లేనిదీ మర్చిపోతున్నారు. నాలుగో గుంటలో ఎన్ని పిక్కలున్నాయో మాత్రం చూడకుండా చెప్తారు. నాకు అంతకంటే ఏమీ అక్కర్లేదు, ఆవిడ ఎదురుగా కూర్చుని ఆడుతున్నారు.

ఏదీ సరదాగా అనిపించకపోతే

ఆటలమీద జీవితమంతా పనిచేసిన బ్రయన్ సటన్-స్మిత్, ఆటకి ఎదురుగా నిలబడేది పని కాదనీ డిప్రెషన్ అనీ అన్నాడు. రెండు వారాలకి మించి దేనిమీదా ఇష్టం పుట్టకపోతే, ఇంతకుముందు నచ్చినవి కూడా చప్పగా అనిపిస్తుంటే, నిద్రా ఆకలీ మారిపోతే, చిట్టా రాయడం పక్కనపెట్టి డాక్టర్‌ని కలవండి. కేంద్ర ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆట మీకోసం ఆగుతుంది. కోలుకున్నాక అరటిపండుగానే రండి.

మధ్యలో తెగిపోతే

తెగిపోతుంది. సార్వా ధాన్యం మొదలైతే నాకు నెలన్నర మంగళవారాలూ శుక్రవారాలూ ఉండవు. మొదటి ఏడాది అలా ఆగిపోయాక మళ్ళీ కూర్చోవడానికి సంక్రాంతి దాటింది. కిందటేడాది నవంబర్‌లో ఒక రాత్రి పది దాటాక ఇంటికి వచ్చాను. అత్తయ్యగారు పడుకున్నారు. టీవీ ముందు కుర్చీ మీద పీట తెరిచి ఉంది, గుంటకి ఐదు చొప్పున పిక్కలు పోసి ఉన్నాయి, ఆవిడ వైపు ఒక ఎత్తు ఆడేసి ఉంది. కాళ్ళు కూడా కడుక్కోకుండా నిలబడే నా ఎత్తు ఆడి, వెళ్ళి పడుకున్నాను. పొద్దున్న లేచేసరికి ఆవిడ ఎత్తు అయిపోయింది. ఆ సీజన్ అంతా రోజుకి ఒక్కో ఎత్తు చొప్పున అలాగే ఆడాం. పిల్లి రెండుసార్లు పిక్కలు దొర్లించింది. ఏ గుంటలో ఎన్నున్నాయో అత్తయ్యగారు గుర్తుపెట్టుకుని మళ్ళీ పేర్చారు. డిసెంబర్ 19న నేను గెలిచాను, ఆరు పిక్కల తేడాతో.